614 జవాబులు వచ్చాయి. వీటిని ఎలా చదవాలి? (విద్యార్థుల రాకపోకలపై ఆన్‌లైన్ సర్వే)

చంపావతి ఒడ్డు:
సభ్యులందరికీ నమస్కారం. నేను విజయనగరంలో ఎం.ఏ. రెండో సంవత్సరం చదువుతున్నాను. చుట్టుపక్కల ఊళ్ల నుంచి రోజూ పట్నం వచ్చి చదువుకునే ఇంటర్, డిగ్రీ విద్యార్థుల రాకపోకల మీద ప్రాజెక్టు చేస్తున్నాను. గూగుల్ ఫారంలో 22 ప్రశ్నలు పెట్టి, తెలిసిన వాట్సాప్ గ్రూపులన్నిటికీ లింకు పంపితే ఎనిమిది రోజుల్లో 614 జవాబులు వచ్చాయి. రెండు వందలు వస్తే చాలనుకున్నాను కాబట్టి మొదట పొంగిపోయాను. తీరా షీటు తెరిచి చూస్తే, ‘ప్రయాణ సౌకర్యాలతోనూ సమయపాలనతోనూ మీరు సంతృప్తిగా ఉన్నారా?’ అన్న ప్రశ్నకు పదిమందిలో ఏడుగురు ‘సంతృప్తి’ అనో ‘చాలా సంతృప్తి’ అనో పెట్టారు. గజపతినగరం దాటి లోపలికి ఉండే ఊరి నుంచి నేను అయిదేళ్లుగా వస్తున్నాను. పొద్దుటి బస్సు తప్పిన రోజున ఆటో నిండేదాకా రోడ్డు మీద నిలబడినదాన్ని; ఈ ఏడుగురూ ఎవరో నాకు అంతుపట్టడం లేదు. గుండ్రటి పై చార్టులు (pie charts) వేసి ఇచ్చేస్తే సరిపోతుందని ఒకరు, రెండు విషయాలకు సంబంధం ఉందో లేదో తేల్చే కై-స్క్వేర్ పరీక్ష తప్పనిసరి అని మరొకరు చెబుతున్నారు. ఏది ముందు చేయాలో, ఏది వెనక చేయాలో పెద్దలు చెప్పగలరు.

రాజాం రోడ్డు:
చెల్లీ, పరీక్షల సంగతి తరవాత చూద్దాం. నేను హైదరాబాదులో రోజంతా ఇలాంటి షీట్లతోనే కుస్తీ పడుతుంటాను. నా అలవాటు ఏమిటంటే, జవాబుల కంటే ముందు జవాబులు వచ్చిన వేళలు చూస్తాను. మీ షీటులో మొదటి నిలువు వరస టైమ్‌స్టాంప్. దాని మీద గంటలవారీగా పివట్ టేబుల్ వేయండి, అంటే ఏ గంటలో ఎన్ని జవాబులు వచ్చాయో లెక్కకట్టే పట్టిక. విడివిడిగా నింపినవైతే జవాబులు రోజంతా చెదురుగా, రాత్రి భోజనాలయ్యాక కాస్త చిక్కగా పడతాయి. అలా కాకుండా నాలుగైదు నిమిషాల్లో ముప్పై నలభై ఒకే కుప్పగా పడితే, అక్కడ ఎవరో కూర్చోబెట్టి నింపించారని అర్థం.

తరవాత, ఒకే మనిషి అన్ని రేటింగు ప్రశ్నలకూ ఒకే గడి నొక్కుకుంటూ పోయిన వరసలను వేరే రంగు వేసి పెట్టండి. వెంటనే తీసేయవద్దు, గుర్తు పెట్టుకోండి చాలు. ఇంకొక చిన్న ఉచ్చు కూడా చెబుతాను. ఒకటి కంటే ఎక్కువ గడులు ఎంచుకోనిచ్చే ప్రశ్నలకు గూగుల్ ఫారం జవాబులన్నిటినీ ఒకే గడిలో కామాలు పెట్టి చేర్చేస్తుంది. మీ ఎంపికలోనే కామా ఉంటే, అంటే ‘ఆటో, జీపు’ అని ఒకే ఎంపికగా రాసి ఉంటే, కామా దగ్గర విడగొట్టేటప్పుడు అది రెండు ముక్కలై లెక్క మొత్తం తప్పుతుంది. ఈ ఒక్క కామా వల్ల నేను ఒకసారి రెండు రోజుల పని మళ్లీ చేశాను.

చంపావతి ఒడ్డు:
అన్నా, మీరు చెప్పినట్టే చూశాను. బుధవారం మధ్యాహ్నం 2.10కీ 2.15కీ మధ్య 43 జవాబులు పడి ఉన్నాయి. విచారిస్తే, ఒక కళాశాలలో నాకు తెలిసిన అధ్యాపకురాలు సాయం చేద్దామన్న మంచి మనసుతోనే పిల్లలను కంప్యూటర్ ల్యాబులో కూర్చోబెట్టి నింపించారట. ఆవిడ వెనక తిరుగుతూనే ఉన్నారట. ఆ 43లో 39 ‘చాలా సంతృప్తి’. ఇక ఊరి పేరును నేను టైపు చేయమన్నాను. ఒక్క చీపురుపల్లినే తెలుగులో రెండు రకాలుగా, ఇంగ్లీషు అక్షరాల్లో అయిదు రకాలుగా రాశారు. అవన్నీ సరిచేసి లెక్కపెడితే, 614 మందిలో 388 మంది విజయనగరం పట్నంలోనో, మెయిన్ రోడ్డును ఆనుకుని ఉన్న ఊళ్లలోనో ఉంటున్నవారే.

పాత ఎన్యూమరేటర్:
అమ్మా, మీ ఏడుగురూ ఎవరో మీకు ఇప్పుడు తెలిసింది కదా. నేను శ్రీకాకుళం జిల్లాలో ముప్పై ఏళ్లకు పైగా కాగితాలు పట్టుకుని ఇల్లిల్లూ తిరిగి సర్వేలు చేసినవాణ్ని. ఈ ఫోన్ల సర్వేలు నాకు కొత్తవే గాని, ఇందులో ఉన్న తప్పు మాత్రం నాకు పాతదే.

మీరు అడుగుతున్నది రాకపోకల కష్టం గురించి. మరి ఆ కష్టం అందరికంటే ఎక్కువగా పడినవాళ్లు ఏమయ్యారు? బస్సు లేక, ఆటోకు డబ్బులు లేక, చీకటి పడ్డాక ఆడపిల్లను రోడ్డు మీద నిలబెట్టలేక ఇంట్లోవాళ్లు చదువు మాన్పించేశారు. మానేసిన పిల్ల కాలేజీ వాట్సాప్ గ్రూపులో ఉండదు. ఉన్నా, ‘విద్యార్థుల సర్వే’ అన్న లింకు తనది కాదనుకుని దాటేస్తుంది. అంటే కష్టం ఎంత ముదిరితే ఆ మనిషి మీ షీటులో కనిపించే అవకాశం అంతగా తగ్గిపోతుంది. మీరు 614 కాదు, 6,000 పోగుచేసినా అదే గ్రూపుల నుంచి పోగుచేస్తే ఈ లోటు తీరదు. కాబట్టి విశ్లేషణ మొదలుపెట్టే ముందు ఒక తెల్లకాగితం తీసుకుని, ఈ షీటులో ఉండే వీలే లేనివారు ఎవరెవరో రాయండి. మానేసినవారు, హాస్టలులో చేరిపోయినవారు, సొంత ఫోను లేనివారు, ఇలా. నా మాట వింటే మీ ప్రాజెక్టులో మొదటి పేజీ ఆ కాగితమే కావాలి.

ఇంకొక సంగతి. ప్రశ్నావళిని ఎవరి మీదా పరీక్షించి చూడకుండానే అందరికీ పంపేశారనిపిస్తోంది. గణాంక శాస్త్రవేత్త ప్రశాంత చంద్ర మహలనోబిస్ గారు 1937లో బెంగాలులో జనప పంట విస్తీర్ణం లెక్కించడానికి దిగినప్పుడు, అసలు సర్వేకు ముందు చిన్న స్థాయిలో నమూనా సర్వేలు చేసి, ఎక్కడ ఖర్చవుతోందో, ఎక్కడ పొరపాటు జరుగుతోందో చూసుకున్నారు. 1950లో మొదలైన జాతీయ నమూనా సర్వే ఆ అనుభవం మీదే నిలబడింది. ఆ స్థాయి మనకు అక్కరలేదు, ఆరుగురు చాలు. వాళ్ల పక్కన కూర్చుని ప్రశ్న చదివించి, ‘దీన్ని నువ్వు ఏమని అర్థం చేసుకున్నావు?’ అని అడగాలి. ఒకసారి పాలకొండ వైపు ఒక ముసలమ్మను ‘గత నెలలో ఎన్నిసార్లు వైద్యుడి దగ్గరికి వెళ్లారు?’ అని అడిగాను. ‘ఏ నెల బాబూ? పున్నం ఎల్లిన కాడి నుంచా, పింఛను ఇచ్చిన కాడి నుంచా?’ అని ఎదురడిగింది. ఆ రోజు సాయంత్రం మా బృందం ఆ ప్రశ్నను నోటితో అడిగే తీరును ‘నాలుగు సంతలు వెనక్కి లెక్కపెట్టుకుంటే’ అని మార్చుకుంది. కాగితం మీది ప్రశ్న అదే. జవాబులు మాత్రం అప్పటి నుంచే కుదురుకున్నాయి.

లెక్కల మాస్టారు:
పై పెద్దాయన చెప్పినదానికి లెక్క జోడిస్తాను. 614 మందికి పొరపాటు హద్దు, అంటే ఫలితం అసలు విలువకు అటూ ఇటూ ఎంత తేడాగా ఉండవచ్చో చెప్పే అంకె, సుమారు 4 శాతం అని ఆన్‌లైన్ కాలిక్యులేటర్లు చెబుతాయి, మీరూ రాసేస్తారు. దయచేసి రాయవద్దు. 0.98ని నమూనా సంఖ్య వర్గమూలంతో భాగించి తెచ్చే ఆ హద్దు, ప్రతి విద్యార్థికీ ఎంపికయ్యే అవకాశం ముందే తెలిసి, చీటీలు తీసినట్టుగా ఎన్నుకున్న నమూనాకే చెల్లుతుంది. లింకు ఎవరి చేతికి చిక్కితే వారు నింపిన సర్వేకు ఆ సూత్రం ఏ హామీ ఇవ్వదు. కై-స్క్వేర్ కూడా అంతే. 43 మంది ఒకే గదిలో కూర్చుని నింపితే అవి 43 వేర్వేరు సాక్ష్యాలు కావు, ఆ పరీక్ష మాత్రం వాటిని వేర్వేరు అనే అనుకుంటుంది.

సంఖ్య పెద్దదైతే నిజం దొరుకుతుందన్న భ్రమ 1936లోనే తీరిపోవలసింది. అమెరికాలో లిటరరీ డైజెస్ట్ అనే పత్రిక, టెలిఫోను, కారు ఉన్నవారి జాబితాల నుంచి సుమారు కోటి మందికి కార్డులు పంపి, 20 లక్షలకు పైగా జవాబులు పోగుచేసి, అధ్యక్ష ఎన్నికల్లో రూజ్‌వెల్ట్ ఓడిపోతాడని ప్రకటించింది. ఆయన 48 రాష్ట్రాలలో 46 గెలిచాడు. ఆ పత్రిక లెక్కతో పోలిస్తే ఎంతో చిన్న నమూనాతో జార్జి గాలప్ అనే సర్వే నిపుణుడు ఫలితాన్ని సరిగ్గా పట్టుకున్నాడు.

తూకం వేయడం అనే పద్ధతి ఒకటుంది. ఉదాహరణకు, మీ షీటులో అమ్మాయిలు 30 శాతమే ఉండి, నమోదు పుస్తకాల ప్రకారం సగం మంది ఉన్నారనుకుందాం. అప్పుడు ఒక్కొక్క అమ్మాయి జవాబును 50/30, అంటే సుమారు 1.67గానూ, ఒక్కొక్క అబ్బాయి జవాబును 50/70, అంటే సుమారు 0.71గానూ లెక్కిస్తాం. కాని షీటులో అసలు లేని మనిషికి ఎంత తూకం వేసినా సున్నాయే. లోపలి ఊళ్ల నుంచి తొమ్మిది మందే ఉంటే, ఆ తొమ్మిది మందినే పెద్దవాళ్లను చేసి చూపించడం అవుతుంది. తొమ్మిదిలో ముగ్గురిని 33 శాతం అని రాయకూడదు, ‘తొమ్మిది మందిలో ముగ్గురు’ అనే రాయాలి.

తెలుగు పంతులమ్మ:
ప్రశ్నల భాష గురించి నేను నాలుగు మాటలు చెప్పక తప్పదు. ‘ప్రయాణ సౌకర్యాలతోనూ సమయపాలనతోనూ మీరు సంతృప్తిగా ఉన్నారా?’ అన్నది ఒక ప్రశ్న కాదు, రెండు. బస్సు బాగుంది గాని వేళకు రాదు అనుకునే విద్యార్థి ఏ గడి నొక్కాలి? పైగా ‘సంతృప్తి’ అన్న మాట మన పిల్లలు పరీక్ష పేపరులోనూ దరఖాస్తులోనూ తప్ప ఎక్కడా వాడరు. గౌరవంగా అడిగిన ప్రశ్నకు గౌరవంగా ‘సంతృప్తి’ అంటారు. పెద్దవాళ్లు ‘అంతా బాగుందా?’ అంటే మనం ‘బాగుందండీ’ అనడం లాంటిదే అది.

‘బస్సుల కొరత లేదని మీరు అంగీకరించరా?’ అని మరో ప్రశ్న పెట్టారని మీరు పంపిన ఫారంలో చూశాను. మూడుసార్లు చదివితే గాని ‘అవును’ అంటే ఏమిటో నాకే తేలలేదు. ఇంగ్లీషు ప్రశ్నావళి నుంచి తెచ్చిన ‘అంగీకరిస్తాను, కొంతవరకు అంగీకరిస్తాను, తటస్థం’ వరసతో వచ్చే చిక్కు ఇదే. రెన్సిస్ లికర్ట్ 1932లో ప్రతిపాదించిన ఆ అయిదు మెట్ల కొలత పనికిరాదని నేననను. ‘తటస్థం’ అంటే మాత్రం మన పిల్లల్లో సగం మంది ‘తెలియదు’ అనుకుంటారు, మిగతా సగం ‘ఫరవాలేదు’ అనుకుంటారు. ఆ రెండూ ఒకటి కావు. అభిప్రాయం అడగడం తగ్గించి జరిగినది అడగండి. ‘మీరు కాలేజీకి వెళ్లిన చివరి రోజున ఇంటి నుంచి ఎన్ని గంటలకు బయలుదేరారు?’, ‘తరగతి గదికి ఎన్ని గంటలకు చేరారు?’ ఈ రెండింటి నుంచి పట్టిన సమయం మీరే తీసుకోవచ్చు. ‘నిన్న’ అని అడగవద్దు. సోమవారం నింపేవారికి నిన్న ఆదివారం.

సాలూరు ఘాటు:
నేను ఏజెన్సీ ప్రాంతంలో ఉపాధ్యాయుణ్ని. మా పిల్లలు చాలామంది హాస్టళ్లలో ఉంటారు కాబట్టి ‘రోజూ ప్రయాణం’ అనగానే మీ సర్వే నుంచి బయటపడిపోయారు. హాస్టలులో ఎందుకు చేరారో అడిగితే సగం కథ అక్కడే ఉంటుంది. ఇంకొకటి, ఒకరు ఒక్కసారే నింపాలన్న నియమం పెట్టారా? పెడితే గూగుల్ ఖాతాతో లోపలికి వెళ్లాలి. మా ఊళ్లలో ముగ్గురు పిల్లలకు ఒకే ఫోను, అది కూడా నాన్న పేరు మీద. అన్న నింపితే చెల్లికి దారి మూసుకుపోతుంది.

ఇంటర్ పిల్లల విషయంలో ఒక జాగ్రత్త తీసుకోండి. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 18 ఏళ్లు నిండనివారిని పిల్లలుగానే లెక్కిస్తుంది, తల్లిదండ్రుల సమ్మతి అడుగుతుంది. పేరూ ఫోను నంబరూ మీకు నిజంగా అవసరమా? అవసరం లేకపోతే ఆ రెండు గడులూ తీసేయండి. నంబరు అడగగానే ఫారం మూసేసే ఆడపిల్లలు నాకు తెలుసు.

చంపావతి ఒడ్డు:
నంబరు అడిగాను, అది కూడా మొదటి ప్రశ్నగానే. ఇప్పుడు తీసేశాను. ఖర్చు ప్రశ్న దగ్గర మరో చిక్కు వచ్చింది. ‘మీ ప్రయాణ ఖర్చు ఎంత?’ అని అడిగాను. జవాబుల్లో 20, 40, 600, ‘పాస్’, ‘లేదు’, 0, ఖాళీ, అన్నీ ఉన్నాయి. సగటు తీస్తే రూ. 187 వచ్చింది. అది రోజుకో, నెలకో నాకే తెలియదు.

రాజాం రోడ్డు:
ఆ సగటును అక్కడే వదిలేయండి, దాన్ని ఏ రంగు పూసినా బాగుచేయలేం. 20 అన్నవారు ఒక వైపు టికెట్టు చెప్పారు, 40 అన్నవారు రానూపోనూ కలిపి చెప్పారు, 600 అన్నవారు నెల చెప్పారు, బహుశా. ఆ ‘బహుశా’ని సంఖ్యగా మార్చకూడదు. పైగా 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీశక్తి పథకం కింద పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ లాంటి బస్సుల్లో ఆడవారికి టికెట్టు లేదు. కాబట్టి ఒక అమ్మాయి రాసిన 0 నిజమైన 0, ఒక అబ్బాయి వదిలేసిన ఖాళీ మాత్రం 0 కాదు. షీటులో ఖాళీలను 0తో నింపేస్తే రెండూ కలిసిపోతాయి. అమ్మాయికి కూడా బస్సు దిగాక ఊళ్లోకి ఆటో ఖర్చు ఉంటుంది. కాబట్టి మళ్లీ అడిగేటప్పుడు ‘మీరు వెళ్లిన చివరి రోజున బస్సుకు ఎంత అయింది, ఆటోకు ఎంత అయింది’ అని విడివిడిగా, రానూపోనూ కలిపి అడగండి. సగటు బదులు మధ్యమం, అంటే జవాబులను చిన్నదాని నుంచి పెద్దదాకా పేర్చితే సరిగ్గా నడుమ వచ్చే విలువ, చూపించండి. కారులో వచ్చే ఒకరిద్దరి వల్ల సగటు పైకి లాగబడుతుంది.

జిల్లా ప్రశ్న కూడా మార్చాలి. మా రాజాం 2022 ఏప్రిల్ 4 దాకా శ్రీకాకుళం జిల్లా, ఆ తరవాత విజయనగరం జిల్లా. పాలకొండ పార్వతీపురం మన్యానికి పోయింది. మా నాన్నగారు ఇప్పటికీ శ్రీకాకుళమే అంటారు, మా తమ్ముడు విజయనగరం అంటాడు, ఇల్లు ఒక్కటే. జిల్లా వద్దు, మండలం అడగండి, అది కూడా జాబితా ఇచ్చి ఎంచుకోనివ్వండి.

కోట జంక్షన్:
అందరూ చెప్పినది నిజమే గాని, ఎం.ఏ. ప్రాజెక్టుకు ఇంత తర్జనభర్జన అవసరమా? మార్చిలో ఇవ్వాలి. ఉన్న 614తో పట్టికలు వేసి, చివర ‘పరిమితులు’ అని ఒక పేరా రాస్తే చాలదా? అందరూ చేసేది అదే కదా.

లెక్కల మాస్టారు:
పరిమితుల పేరా రాయడం తప్పు కాదు బాబూ. లోపల పదిహేను పేజీల్లో ‘విద్యార్థులలో 70 శాతం’ అని రాసి, చివరి పేజీలో ‘ఇది విద్యార్థులందరికీ వర్తించదు’ అనడం మాత్రం తప్పు. ప్రతి పట్టిక కిందా ‘జవాబిచ్చినవారిలో’ అని రాయాలి, ఎంతమంది జవాబిచ్చారో రాయాలి. అది చేస్తే ఉన్న 614 కూడా వృథా పోవు. పట్నంవారినీ లోపలి ఊళ్లవారినీ వేరు చేసి పక్కపక్కన పెట్టి చూడమనండి. మొత్తం సంఖ్య దాచిపెట్టినది అక్కడ బయటపడుతుంది.

చంపావతి ఒడ్డు:
మాస్టారూ, వేరు చేసి చూశాను. ల్యాబులో నింపిన 43 తీసి పక్కన పెట్టి, మెయిన్ రోడ్డుకు దూరంగా ఉన్న ఊళ్లవారిని విడదీస్తే 183 మంది మిగిలారు. వారిలో సంతృప్తి అన్నవారు సగం కూడా లేరు. ఇప్పుడు చివరి ప్రశ్న మిగిలింది: ‘మీరు చెప్పదలచుకున్నది రాయండి’. 270 మంది రాశారు, కొందరు ఒక్క మాట, కొందరు పేజీడు. ‘ఆపడు’ అన్న మాట కోసం వెతికితే 12 దొరికాయి.

తెలుగు పంతులమ్మ:
వెతుకులాట మీద ఆధారపడవద్దు తల్లీ, 270 చదవడానికి ఒక పూట చాలు. మన పిల్లలు ‘ఆపడు’ అని మాత్రమే రాయరు. ‘చెయ్యెత్తినా ఆగదు’, ‘ఆపకుండా ఎలిపోతాడు’, ‘స్టాపు దాటాక దూరంగా ఆపితే పరిగెత్తాలి’, ‘కండక్టరు బెల్లు కొట్టడు’, ఇవన్నీ ఒకే ఫిర్యాదు. కంప్యూటరుకు అవి నాలుగు. వర్గాల పేర్లు ముందే అనుకుని జవాబులను వాటిలో కూరకండి. మొదట ఒక 50 చదివి, వాటిలో నుంచి వర్గాలు రానివ్వండి.

పాత ఎన్యూమరేటర్:
ఆ 50ని మీరొకరే వర్గీకరించవద్దు. మీ స్నేహితురాలికి అవే 50 ఇచ్చి, మీ గుర్తులు చూపించకుండా చేయించండి. తరవాత ఇద్దరివీ పక్కపక్కన పెట్టండి. మహలనోబిస్ గారు ఒకే ప్రాంతానికి రెండు విడి నమూనాలు తీయించి, ఇద్దరు మనుషులను విడివిడిగా పంపి, లెక్కలు పోల్చేవారు. ఇదీ దాదాపు అలాంటిదే. ఎక్కడ తేడా వచ్చిందో అక్కడ వర్గం పేరు స్పష్టంగా లేదని అర్థం. ఇద్దరి వర్గీకరణ ఎంతవరకు కలిసిందో చెప్పే కాపా అనే కొలత ఒకటి ఉందంటారు, దాని సంగతి మాస్టారు చూసుకుంటారు.

ఇక మానేసిన పిల్లల దగ్గరికి వద్దాం. వారికి లింకు పనికిరాదు. వారి తల్లిదండ్రులకు అసలే పనికిరాదు. 2011 జనాభా లెక్కల్లో విజయనగరం జిల్లా అక్షరాస్యత 58.89 శాతం, శ్రీకాకుళం జిల్లాది 61.74 శాతం. మీ ఊళ్లోనూ పక్క రెండు ఊళ్లలోనూ ఇంటికి వెళ్లి అడగండి, పదిహేను మంది దొరికినా చాలు. వారిని ఆ 614లో కలపవద్దు, విడిగా రాయండి.

చంపావతి ఒడ్డు:
తాతగారూ, ఆదివారం మా ఊళ్లో మొదలుపెట్టాను. కొత్త ప్రశ్నావళిలో 22 ప్రశ్నలు కాస్తా 9 అయ్యాయి. ముందు ఆరుగురి దగ్గర పరీక్షించాను. మూడో ప్రశ్న, ‘చివరి రోజున ఇంటి నుంచి ఎన్ని గంటలకు బయలుదేరారు?’ దగ్గర ఒక అమ్మాయి ఆగిపోయింది. మానేసి ఏడాదిన్నర అయిందట. ‘అప్పా, చివరి రోజు అంటే ఆఖరుసారి ఎల్లిన రోజా? ఆ రోజు నాను స్టాపు కాడి నుంచే ఎనక్కి వచ్చేసినాను, బస్సు రాలేదు’ అంది. నా ఫారంలో ‘తరగతి గదికి ఎన్ని గంటలకు చేరారు?’ అన్న తరవాతి ప్రశ్నకు ‘చేరలేదు’ అన్న గడి లేదు. ఇప్పుడే చేర్చాను. అమ్మాయి జవాబును కాగితం మీద అలాగే రాసుకున్నాను. రేపు గంట్యాడ వైపు వెళుతున్నాను. అక్కడి నుంచి వచ్చాక కాపా ఎలా లెక్కకట్టాలో మాస్టారిని అడుగుతాను.